విన్సెంట్ మోటారు సైకిళ్లు: అసలుతనానికీ పందెపు చరిత్రకూ ఆధారాలు

ఇంగ్లండులోని స్టీవనేజ్‌లో ఫిలిప్ విన్సెంట్ స్థాపించిన సంస్థ 1955 చివరలో మోటారు సైకిళ్ల తయారీని నిలిపివేసింది. ఆ తరువాతి దశాబ్దాల్లో దాని 998 సీసీ వి-ట్విన్ బండ్లకు, అనగా రెండు సిలిండర్లు వి అక్షరం ఆకారంలో అమరిన ఇంజన్ గల బండ్లకు, ధర పెరిగిన కొద్దీ, మామూలు బండిని మేలు రకంగా చూపే ప్రయత్నాలకూ లాభం పెరిగింది. రాపిడ్ అనే సాధారణ రకానికీ, 1948లో వచ్చిన వేగవంతమైన బ్లాక్ షాడోకూ మూల ఇంజన్ ఒకటే కావడంతో, నల్ల ఎనామెల్ పూసి, 150 మైళ్ల వరకు చూపే పెద్ద స్పీడోమీటరు బిగిస్తే, మొదటిది చూపులకు రెండవదైపోతుంది.

కనుక పరిశీలన ముద్రాంకెలతో, అంటే కర్మాగారంలో లోహంపై అచ్చుపోటుతో దింపిన నంబర్లతో, మొదలవుతుంది. ఇంజన్ నంబరులో ఎఫ్10ఏబీ తరువాత వచ్చే గుర్తు రాపిడ్‌కు 1, షాడోకు 1బీ, పందేల కోసమే సుమారు 30 మాత్రం తయారైన బ్లాక్ లైట్నింగ్‌కు 1సీ. యుద్ధానంతర ట్విన్ బండ్లలో ఫ్రేము నంబరు సాధారణంగా ఇంజన్ నంబరు కంటే 1900 ఎక్కువ. ఈ సంగతి తెలియక రెండు చోట్లా ఒకే అంకె కొట్టిన మోసగాడు తన గుట్టు తానే బయటపెట్టుకున్నట్టే. క్రాంక్‌కేసు రెండు సగాలపైనా ఒకే జత నంబరు ఉండాలి, లేకుంటే ఒక సగం తరువాత వచ్చి చేరిందని అర్థం. ఉక్కు ఫ్రేముపై పాత అంకెను ఆకురాయితో అరగదీసినా, పోటు దెబ్బకు అడుగున నలిగిన లోహం ఆమ్లం పూసినప్పుడు వేరుగా తేలి, ఒక్కోసారి ఆ అంకెను మళ్లీ చూపుతుంది.

పందెపు చరిత్రను నిరూపించడం ఇంతకంటే కష్టం. పందెపు కార్యక్రమ పత్రాలూ పత్రికా ఫలితాలూ సాధారణంగా రౌతు పేరునూ బండి తయారీనీ నమోదు చేస్తాయే గాని ఇంజన్ నంబరును కాదు. కర్మాగారపు పుస్తకాల్లో నంబరు ఉంటుంది గాని ఆ బండి తరువాత గెలిచిన పందేలు ఉండవు. ఈ రెంటినీ కలిపే రవాణా పత్రం, అమ్మకపు రసీదు, యజమానుల వరుస లేనిచోట, గోడకు తగిలించిన ఫొటో ఎంత పాతదైనా దానిలోని బండి ఇదేనని తేల్చలేదు. పైగా నిజంగా పందేలు ఆడిన బండికి పిస్టన్లు, చక్రాలు, ఒక్కోసారి క్రాంక్‌కేసు కూడా మారుతూ వచ్చి ఉంటాయి కాబట్టి, ప్రతి భాగమూ పుట్టినప్పటిదే అని చెప్పుకునే పందెపు బండినే ఎక్కువగా అనుమానించాలి. 1953లో ఆస్ట్రేలియాలోని గన్నెడా వద్ద జాక్ ఎహ్రెట్ గంటకు 141.5 మైళ్ల జాతీయ రికార్డు నెలకొల్పిన బ్లాక్ లైట్నింగ్ 2018 జనవరిలో లాస్ వేగాస్ వేలంలో 9,29,000 డాలర్లు పలికింది. రౌతు, రికార్డు, యంత్రం మూడూ ఒకే బండి దగ్గర కలవడం ఎంత అరుదో ఆ మొత్తమే చెబుతుంది.