మన పొరుగు పట్టణము మదనపల్లె

రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి కావలెనని గ్రంథాలయ కార్యకర్తలు కోరినప్పుడు, నేను మల్లయ్యకొండను గూర్చి వ్రాయుదునని వారు తలచియుందురు. మల్లయ్యకొండను ఎరుగనివారు తంబళ్లపల్లెలో ఎవరు? అందుచే మదనపల్లెను గూర్చి వ్రాయ సాహసించుచున్నాను. టమాటా అమ్ముకొనుటకు నీరుగట్టువారిపల్లె మార్కెట్టునకు, రోగులను చూపించుటకు ఆసుపత్రికి, పిల్లలను చేర్చుటకు కళాశాలకు మనము పోవుచునే యున్నాము. అయినను ఆ ఊరి కథ మనకు తెలిసినది కొంచెమే. తెలిసిన కొంచెములోను తప్పు కొంత కలదు.

బాహుదా నది ఒడ్డున ఈ ఊరిని 1618లో అహోబిలనాయుడు కట్టించెనని చెప్పుదురు. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి వదలుకొనగా దత్తమండలములలో చేరి, కడప జిల్లాకు లోబడినది. 1911లో క్రొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలోనికి, 2022లో అన్నమయ్య జిల్లాలోనికి వచ్చినది. ఊరు కదలలేదు, జిల్లాలే కదలినవి! కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర ఎండలకు తాళలేక ఏనుగు మల్లమ్మ కొండపై విడిది కట్టించుకొనగా ఆ కొండకు ఆయన పేరే నిలిచినది. పాపము, మల్లమ్మను తలచువారు తక్కువైరి.

ఇక ముఖ్య విషయము. ‘జనగణమన మదనపల్లెలో పుట్టినది’ అని మనవారు సగర్వముగా చెప్పుదురు. అది నిజము కాదు. ఆ గీతము 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో పాడబడినది. మదనపల్లెకు దక్కిన కీర్తి వేరు, అదియు చిన్నది కాదు. అనీ బిసెంటమ్మ 1915లో ఇచ్చట దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించెను. హోంరూలు ఉద్యమమున విద్యార్థులు పాల్గొనుటచే కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు పోగా, అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయము దానిని ఆదుకొనెను. ఆ విశ్వవిద్యాలయమునకు కులపతి రవీంద్రనాథ ఠాకూరు. ఆయన 1919లో ఇచ్చటికి విచ్చేసి కొన్ని దినములు విశ్రమించెను. ఒక సాయంకాలము విద్యార్థుల పాటల కూటమిలో ఆయన వంగభాషలో జనగణమన పాడగా, పల్లవిని పిల్లలందరు అందుకొనిరట. ఫిబ్రవరి 28న ఆయనే దానిని ఆంగ్లమున ‘భారతదేశపు ప్రభాత గీతము’ అను పేర అనువదించెను. పాశ్చాత్య సంగీతము నేర్చిన మార్గరెట్ కజిన్స్ అమ్మ స్వరములను కూర్చి వ్రాసికొనెను. 1950 జనవరి 24న ఆ గీతమే జాతీయ గీతమైనది. స్త్రీలకు ఓటు హక్కు కావలెనని పోరాడిన ఈ ఐరిష్ మహిళ పేరు మన పాఠశాలలలో వినబడకుండుట నాకు నచ్చదు. ఆమె భర్త, కవి జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూసెను.

జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో ఈ ఊర జన్మించెను. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. బాలుడు 1909లో తండ్రితో అడయారు చేరి, అచ్చట జగద్గురువు కాగలడని ఎన్నుకొనబడెను. 1929లో తన కొరకు ఏర్పరచిన సంఘమును తానే రద్దు చేసెను. ఆయన ఆశయము ననుసరించి వెలసిన ఋషివ్యాలీ పాఠశాల మన నియోజకవర్గమున కురబలకోట మండలములోనే యున్నది.

అయితే సామాన్య జనమునకు ఎక్కువ మేలు చేసినది ఆరోగ్యవరమని నా అభిప్రాయము. క్షయ అన్నచో ఇల్లు విడిచి పారిపోవు కాలమున, మిషనరీ సంఘములు కలిసి అచ్చట క్షయ చికిత్సాలయమును నెలకొల్పినవి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రిమోట్ మోల్లరు దానికి తొలి అధికారి. మందులు లేని ఆ దినములలో విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమైన తిండి, ఇవియే వైద్యము. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు మొదట ఆరంభించిన చోట్లలో మదనపల్లె ఒకటి. తరువాత చుట్టుపట్ల గ్రామముల ప్రజలకు టీకా వేసి, వేయని వారితో పోల్చి, ఏండ్ల తరబడి పరీక్షించిరి. ఆ ఫలితములను లోకమందలి వైద్యులు చదివిరి. చేయి చాచిన పల్లెవాసుల పేర్లు మాత్రము ఏ పుస్తకమునకు ఎక్కలేదు.

మన ఇండ్లలో ఆరోగ్యవరమునుండి వచ్చిన పాత ఉత్తరముగాని, కళాశాల నాటి ఛాయాచిత్రముగాని ఉన్నచో, పెట్టె అడుగున చెదలు పట్టకమునుపే గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. నకలు వ్రాసికొని అసలును తిరిగి ఇత్తుము.