ఊదితేనే ఇంజను

బిలాస్‌పూర్ మీదుగా పట్టాలు పరుస్తున్న రోజుల్లోనే తాగిన రైల్వే నౌకరుకు శిక్ష రాసిపెట్టారు. నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి పెద్ద లైను 1891లో తెరుచుకుంది. దానికి ఏడాది ముందు వచ్చిన 1890 రైల్వే చట్టంలో నూరో సెక్షను ఇది: డ్యూటీలో మత్తులో దొరికితే 50 రూపాయల దాకా జుల్మానా, ఆ మత్తువల్ల ప్రయాణికుల ప్రాణాలకు ముప్పుంటే ఏడాది దాకా జైలు. 1989లో చట్టాన్ని కొత్తగా రాశారు. సెక్షను నంబరు 172 అయింది, 50 కాస్తా 500 అయింది, జైలు అదే ఏడాది దగ్గర నిలిచింది. తొంభై తొమ్మిదేళ్ళకు ఒక్క సున్నా పెరిగిందన్నమాట. డ్యూటీ ఎక్కే ముందు హాజరు వేసుకునే లాబీలో కుర్ర డ్రైవర్లకు ఈ లెక్క చెప్తే నవ్వేవాళ్ళు. నవ్వి, ఊపిరిలో మద్యం పట్టే మిషను దగ్గరికి వెళ్ళి ఊదేవాళ్ళు.

నేను మొదట ఇంజను మీద, తర్వాత లాబీలో క్రూ కంట్రోలరుగా చేసి ఈ బిలాస్‌పూర్‌లోనే రిటైరయ్యాను. మా తాత వచ్చింది పార్వతీపురం వైపు నుంచి. 1931లో రాయగడ, టిట్లాగఢ్ మీదుగా విజయనగరం–రాయపూర్ లైను పూర్తయ్యాక మా పక్క జనానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కొలువు దగ్గరైంది. ఖరగ్‌పూర్ వెళ్ళినవాళ్ళు ఖరగ్‌పూర్ వెళ్ళారు, మిగిలినవాళ్ళు ఇక్కడ దిగారు. ఇక్కడి బారా ఖోలీలో ఏటా ఎండాకాలం మా తెలుగువాళ్ళ సోలాపురి మాత పూజలు జరిగేటప్పుడు చూడాలి, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నామన్న సంగతి మాకే గుర్తుండదు. ఖలాసీ, క్లీనరు, సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్, షంటరు, ఆపైన డ్రైవరు. ఇంజను కొలువులో ఇవే మెట్లు. కొందరు రెండో మెట్టు మీదే రిటైరయ్యారు.

మా నాన్న ఆ మెట్లేవీ ఎక్కలేదు. ఆయన కాల్‌బాయ్. జుట్టు నెరిసినా పేరు మాత్రం బాయే. బండికి రెండు గంటల ముందు సైకిలు మీద క్వార్టరుకు వెళ్ళి, తలుపు కొట్టి, కాల్‌బుక్కులో డ్రైవరు చేత సంతకం పెట్టించుకు రావడం పని. ఫోన్లు లేని కాలం. అర్ధరాత్రి రెండింటికి ఆయన లాంతరు వెలుగులో చూసేది సంతకం ఒక్కటే కాదు. తలుపు తీసిన మనిషి నిలబడ్డ తీరు, మాట, ఊపిరి. రైల్వేలో మొట్టమొదటి బ్రెత్ అనలైజరు మా నాన్న ముక్కే అని నేనంటాను.

అయితే ఆ ముక్కుకు చెప్పే హక్కు లేదు. కాల్‌బుక్కులో సంతకం గడి ఉంది, టైము గడి ఉంది, వాసనకు గడి లేదు. పైగా తలుపు తీసినవాడు వరసకు మామ, లేదా ఊరివాడు. కాబట్టి ఒక ఆచారం పుట్టింది. డ్రైవరు నిలబడలేని స్థితిలో ఉంటే ఇంటావిడే గుమ్మంలోకి వచ్చి, "మీ మామయ్యకు జ్వరంగా ఉంది బాబూ, సిక్ రాసేసుకో" అనేది. నాన్న మారుమాట లేకుండా ఇంకో ఇంటికి సైకిలు తిప్పేవాడు. ఆమె ఆ మాట అనకపోతేనే చిక్కు. దాన్ని అబద్ధమంటారో రక్షణంటారో మీ ఇష్టం. ఎన్ని బండ్లు ఆ జ్వరాలవల్ల క్షేమంగా నడిచాయో ఏ రికార్డులోనూ లేదు.

అంతగా ఎందుకు తాగేవాళ్ళంటే, ఊరకనే అలవాటు పడ్డారని నేననను. డబ్ల్యూ.జి. ఇంజను ఫైర్‌బాక్సు ముందు మే నెలలో ఒక్క గంట నిలబడితే తెలుస్తుంది. ముందు నిప్పు, వెనక వడగాలి, చేతిలో బొగ్గు పార. పన్నెండు గంటలు, పద్నాలుగు గంటలు లైను మీదే. తర్వాత ఊరుకాని ఊళ్ళో రన్నింగ్ రూములో మంచం. వెంట తీసుకెళ్ళే లైన్ బాక్సులో బియ్యం, పప్పు, దుప్పటి ఉండేవి. వాటి కింద ఇంకోటి ఉండేది. బిలాస్‌పూర్ చుట్టూ అడవి, అడవినిండా ఇప్పచెట్లు. ఇక్కడివాళ్ళు మహువా అంటారు, మేము ఇప్పసారా అంటాం, ఒళ్ళునొప్పులకు మందని ఇద్దరమూ అంటాం. 1973 ఆగస్టులో దేశమంతా లోకో సిబ్బంది సమ్మె కట్టి పది గంటల డ్యూటీ ఒప్పందం సాధించారు. ఆ డిమాండును నేను తాగుడు చరిత్రలో కూడా రాస్తాను. మనిషిని పద్నాలుగు గంటలు వేయించి, తర్వాత వాడి ఊపిరి పరీక్షించడం సగం న్యాయం.

ఆవిరి ఇంజనులో ఒక వెసులుబాటు ఉండేది: ముగ్గురు మనుషులు. డ్రైవరు తూగుతుంటే ఫస్ట్ ఫైర్‌మన్ రెగ్యులేటరు పట్టేవాడు. కట్నీ లైనులో ఖోంగ్‌సరా దాటాక భన్వర్‌టోంక్ ఘాటు వస్తుంది; అక్కడ మాత్రం సీనియర్లు ఎవరినీ ఉపేక్షించేవాళ్ళు కాదని విన్నాను. దిగుడులో బ్రేకు చేతికి రాకపోతే ముగ్గురున్నా ఒకటే. తర్వాత కరెంటు ఇంజన్లు వచ్చాయి. క్యాబులో ఇద్దరే. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్లు, బొగ్గుతో కలిపి దాదాపు 5 వేల టన్నుల బరువు. అలాంటి బండి బ్రేకు వేసినచోట ఆగదు, కిలోమీటరు దాకా ఈడ్చుకుపోగలదు. ఆ కిలోమీటరు ముందే డ్రైవరు కన్ను సిగ్నలును పట్టాలి. మద్యం ముందు దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. కాళ్ళు తడబడకముందే, రెండు పనుల మీద ఒకేసారి ధ్యాస పెట్టే శక్తి పోతుంది.

1976 రైల్వే జనరల్ రూల్సులో 2.09 అని ఒక నియమముంది. బండ్ల నడకతో నేరుగా సంబంధమున్నవాడెవడూ డ్యూటీకి ఎనిమిది గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదు. మంచి నియమమే, కానీ లెక్కవేస్తే ఎవరికోసం రాశారో తెలుస్తుంది. మా దగ్గర పౌవా అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ అయితే అందులో 60 గ్రాముల అసలు ఆల్కహాలు. 65 కిలోల మనిషి అది పూర్తిగా తాగితే 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 135 మిల్లీగ్రాములకు చేరుతుంది. శరీరం గంటకు దించేది సుమారు 15. రాత్రి తొమ్మిదికి తాగి, పొద్దున్న ఐదింటికి డ్యూటీకి సైన్ ఆన్ చేస్తే 120 పోయి ఇంకా 15 మిగులుతుంది. అద్ధా, అంటే అర సీసా, తాగినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. మర్నాడు మధ్యాహ్నానికీ వాడు మిషనుకు దొరుకుతాడు. పళ్ళు తోముకోవడం, నిమ్మకాయ, ఏలక్కాయ, చన్నీళ్ళ స్నానం, ఇవన్నీ నాన్న ముక్కును మోసం చేయగలిగేవేమో. మిషను నోటి వాసన చూడదు, ఊపిరితిత్తుల లోపలి గాలి చూస్తుంది.

ఆ మిషను మూలపురుషుడు అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ అనే పోలీసు అధికారి. 1954లో తయారుచేశాడు. బ్రిటన్ 1967లో రోడ్ల మీద అలాంటిదాన్నే పట్టుకు నిలబడింది, 80 మిల్లీగ్రాముల హద్దు పెట్టి. అన్నీ రోడ్డు కోసమే పుట్టినవి. మన దగ్గర దాన్ని ఇంజను ఎక్కే గుమ్మానికి కట్టేశారు, అది నాకు విచిత్రంగా తోస్తుంది. సంతకాల రిజిస్టరు పోయి కంప్యూటర్లో క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్ వచ్చాక ఊదడం సైన్ ఆన్‌లో భాగమైంది. దిగేటప్పుడు సైన్ ఆఫ్‌లోనూ ఊదాలి. మొదట్లో పెద్ద డ్రైవర్లు అవమానంగా భావించారు. "నా సర్వీసంతా మచ్చలేదు, నన్ను ఊదమంటావా" అని ఒకాయన నా టేబులు మీద టోపీ విసిరాడు. ఊదాడు, సున్నా వచ్చింది, టోపీ తీసుకుని వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ ఊదాడు. అందరూ ఊదాలి కాబట్టి ఎవరికీ అవమానం లేదని ఒప్పుకోవడానికి కాలం పట్టింది.

మిషనుతో గొడవలు లేకపోలేదు. దగ్గుమందు తాగినవాడు, హోమియో చుక్కలు వేసుకున్నవాడు దొరికిపోతాడు. 2025 ఫిబ్రవరిలో తిరువనంతపురం డివిజనులో డ్యూటీకి ముందు హోమియో మందులు, కూల్‌డ్రింకులు, కొన్ని పళ్ళు కూడా తీసుకోవద్దని ఒక సర్క్యులరు వేశారు. సంఘాలు మండిపడ్డాయి, వెనక్కి తీసుకున్నారు. అరటిపండు తిన్నందుకు సంజాయిషీ రాయాల్సివచ్చే ఉద్యోగం మాది ఒక్కటేనేమో.

ఇక రోడ్డు. 1939 మోటారు వాహనాల చట్టంలోనే తాగి నడపడం నేరం. 1988 చట్టంలో 185వ సెక్షనుగా వచ్చింది, మొదట ఎంత కొంచెమైనా నేరమే అన్నారు. 1994 సవరణలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే అని హద్దు పెట్టారు. 2019లో జుల్మానాను 2 వేల నుంచి 10 వేలకు పెంచారు. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదంది. ఆ బెంచిలో మన తెలుగు న్యాయమూర్తి లావు నాగేశ్వరరావుగారూ ఉన్నారు. తర్వాతి మార్చిలో చిన్న ఊళ్ళకు దాన్ని 220 మీటర్లకు తగ్గించారు. సరిగ్గా ఆ 2017లోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దుకాణాలను తన కార్పొరేషను చేతికే తీసుకుంది. అంటే సీసా అమ్మేదీ సర్కారే, నాకా దగ్గర ఆపేదీ సర్కారే.

రోడ్డు చట్టమంతటికీ ఒకటే నడక: బండి కదిలాక పట్టుకోవడం. పడ్డాక రక్తం తీయడం. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది చూడండి. తాగిన కుర్రాడు బైకు మీద నుంచి పడి చనిపోయాడు. రోడ్డుకు అడ్డంగా పడిన ఆ బైకు హైదరాబాద్–బెంగళూరు బస్సు కిందికి వెళ్ళింది, మంట లేచింది, 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. కాసేపటి ముందే పెట్రోలు బంకు కెమెరాలో అతను బండిని అడ్డదిడ్డంగా తిప్పడం రికార్డయి ఉంది. మద్యం సంగతి ఫోరెన్సిక్ వాళ్ళు తర్వాత తేల్చారు.

పదకొండు రోజులకు, నవంబరు 4న, మా పక్కనే లాల్‌ఖదాన్ దగ్గర గేవ్రా రోడ్డు నుంచి వస్తున్న మెమూ ప్యాసింజరు బండి ముందున్న గూడ్సును వెనక నుంచి ఢీకొట్టింది. ఆ సాయంత్రం బుధ్‌వారీ బజారులో నన్ను మొదట అడిగిన మాట, "డ్రైవరు తాగున్నాడా?" నాకు ఒళ్ళు మండింది. రైలు మీద తప్పు జరగడానికి సిగ్నలు, శిక్షణ, నిద్ర, అలసట, ఇంకా ఎన్నో దారులున్నాయి. బండి కదలకముందే తేలిపోయేది తాగుడొక్కటే. జనం నోట మొదట వచ్చేదీ అదే.

మా దగ్గరి కోర్బా గనుల బొగ్గు రెండు దారుల్లో పోతుంది. రైల్లో పోయే బొగ్గు ముందు ఇద్దరు ఊదుతారు, దిగాక మళ్ళీ ఊదుతారు. లారీలో పోయే బొగ్గును కాటా మీద తూస్తారు, తాడు, టార్పాలిను, కాగితాలు చూస్తారు, తర్వాత ధాబా వస్తుంది. ఆ ధాబా నుంచి లేచి స్టీరింగు పట్టేవాడి తలుపు కొట్టే మనిషిని ఎవరూ నియమించలేదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో లోడింగు చీటీ ఇచ్చే కిటికీ ఉంటుంది. డ్రైవరు అక్కడ నిలబడక తప్పదు. మిషను ఖరీదు ఒక లారీ టైరు కంటే తక్కువ. ఆ కిటికీ దగ్గర పెట్టండని ఒక ఆఫీసులో చెప్పి చూశాను. ఊదమంటే డ్రైవర్లు పక్క ఆఫీసుకు పోతారన్నారు. అయితే పక్క ఆఫీసులోనూ పెట్టాలి. లాబీలో మేము చేసింది అంతే.