అరవాలంటే తామ్వే పొండి

2017 నవంబరులో మయన్మార్ (ఒకప్పటి బర్మా)లోని యాంగోన్ ప్రాంతీయ ప్రభుత్వపు భద్రతా వ్యవహారాల మంత్రి కర్నల్ ఆంగ్ సో మో పోలీసులకు ఒక ఉత్తర్వు పంపారు. నగరంలోని 11 టౌన్‌షిప్పుల్లో ఎవరు సభ పెడతామన్నా, ఊరేగింపు తీస్తామన్నా ఒప్పుకోవద్దని దాని సారాంశం. జనానికి చికాకు కలగకూడదట. గొంతెత్తి తీరాలనుకునే వాళ్లకు మాత్రం తామ్వే టౌన్‌షిప్పులో ఒక చోటు చూపించారు. అది చైక్కసాన్ మైదానం.

ఈ వరస మనకు కొత్త కాదు. సరిగ్గా ఆ ఏడాదే హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను ఊరి పొలిమేరలకు తోసేయాలని తెలంగాణ ప్రభుత్వం చూసింది. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లకు, పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లకు ఇబ్బంది అన్నారు. మే 15న అక్కడ పెద్ద గొడవే జరిగింది. 2018 నవంబరులో హైకోర్టు కలగజేసుకున్నాక గానీ అక్కడ మళ్లీ టెంట్లు లేవలేదు.

ఊరేగింపులతో నష్టపోయే అంగడి వాడి గోడు అబద్ధమని నేననను. కొట్టు ముందు బారికేడ్లు పెడితే ఆ పూట బేరం పోయినట్టే. అద్దె మాత్రం ఆగదు. కానీ ధర్నాకు అడ్రసే ప్రాణం. యాంగోన్‌లో సిటీ హాలు, సూలే పగోడా ఎదురుబొదురుగా ఉన్న కూడలిలో పది మంది నిలబడితే ఊరంతా తెలుస్తుంది. మైదానంలో వెయ్యి మంది అరిచినా వినేది కాపలా పోలీసులే. పైగా 2011 నాటి శాంతియుత సభల చట్టాన్ని 2016లో సవరించినప్పుడు అనుమతి అడగక్కర్లేదు, 48 గంటల ముందు కబురు చెబితే చాలన్నారు. చట్టం వదులు చేసిన ముడిని ఏడాది తిరిగేసరికి ఒక ఉత్తర్వు మళ్లీ బిగించింది.

చూపించిన చోటైనా మామూలు చోటు కాదు. చైక్కసాన్ ఒకప్పుడు గుర్రప్పందేల మైదానం. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ 1974 నవంబరు 25న న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పట్లో రంగూన్ అనే యాంగోన్‌కు చేర్చిన ఆయన భౌతికకాయాన్ని జనం చూసేందుకు ఉంచింది ఇక్కడే. సైనిక నేత నె విన్ ప్రభుత్వం ఆయనకు అధికార లాంఛనాలేమీ ఇవ్వలేదు. డిసెంబరు 5న ఖననానికి బయల్దేరే వేళ విద్యార్థులు, బౌద్ధ భిక్షువులు శవపేటికను తమ చేతుల్లోకి తీసుకుని విశ్వవిద్యాలయానికి మోసుకుపోయారు. 1962లో సైన్యం పేల్చేసిన విద్యార్థి సంఘ భవనం స్థలంలోనే ఆయనను పాతిపెట్టారు. 11వ తేదీ తెల్లవారకముందే సైనికులు చొరబడి పేటికను తవ్వి తీసుకుపోయారు. ఊళ్లో అల్లర్లు, వెనకే మార్షల్ లా. గీత గీసిన మైదానంలోంచి నిరసన ఒకసారి బయటికి నడిచి వెళ్లిపోయిందన్నమాట.

2007 సెప్టెంబరులో భిక్షువుల ఉద్యమాన్ని అణచివేసినప్పుడు ఈ పాత పందేల మైదానమే పట్టుకొచ్చిన వాళ్లను కుక్కే బందీఖానా అయింది. ఆ నెల 27న తామ్వేలోని 3వ నంబరు ఉన్నత పాఠశాల దగ్గర కాల్పులు కూడా జరిగాయి. పదేళ్ల తర్వాత, మీ మాట చెప్పుకోవడానికి తగిన జాగా ఇదేనని పాలకులు చూపించారు! ఆ ఉత్తర్వు రాసిన గుమాస్తాకు ఇదంతా గుర్తుందో లేదో గానీ తామ్వే వాళ్లు మరచిపోయి ఉంటారా?

వ్యాపారం నిలిచిపోకూడదన్న వాదనకు రంగూన్‌లో మనవాళ్లూ దెబ్బతిన్నారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరుతో బర్మావాళ్లు తెలుగు కూలీలను కోరంగీలనేవారు. 1930 మేలో కూలి పెంచమంటూ రేవులో తెలుగు హమాలీలు పని మానేశారు. సరుకు దిగాలి కదా, కంపెనీలు బర్మా కూలీలను తెచ్చిపెట్టుకున్నాయి. తర్వాత తెలుగువాళ్లతో రాజీ కుదిరింది. మే 26న పొద్దున పనికొచ్చిన బర్మావాళ్లను ఇక మీతో పనిలేదు పొమ్మన్నారు. ఆ అవమానమే నెత్తుటి అల్లర్లకు దారితీసింది. కంపెనీలు తెచ్చిన తగాదాకు రెండు జాతుల పేదలు కొట్టుకు చచ్చారు. తెల్లదొరలు తీసిన మందు 144 సెక్షన్.

ఆ సెక్షన్ అక్కడ ఇంకా బతికే ఉంది, ఇక్కడ 2024 దాకా ఉంది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం గద్దెనెక్కిన వారానికే యాంగోన్‌లో దాన్ని బయటికి తీశారు. ఐదుగురికి మించి గుమిగూడరాదన్నారు. ఆ ఏడాది నవంబరులో తామ్వే పొరుగునున్న బహాన్‌లో, మయన్మార్ ప్లాజా అనే షాపింగ్ మాల్‌లో మెరుపు నిరసనకు దిగిన కుర్రాళ్ల మీద ఆ మాల్ కాపలావాళ్లే చెయ్యి చేసుకున్నారు. మాల్ సొంత ఆస్తే, ఎవరిని రానివ్వాలన్నది వాళ్లిష్టమే. కొనాలా వద్దా అన్నది జనం ఇష్టం. బహిష్కరణ పిలుపు వెంటనే పుట్టింది.

అసలు విశేషం మౌన సమ్మెది. 2021 మార్చి 24న జనం వీధిలోకి రాలేదు. నినాదం లేదు, జెండా లేదు, దారికి అడ్డం లేదు. కొట్లు మూసి ఇంట్లో కూర్చున్నారు. డిసెంబరు 10న మళ్లీ అదే. ఇప్పుడు దుకాణదారుడే నిరసనకారుడు, దించిన షట్టరే అతని ప్లకార్డు. దాన్ని ఏ మైదానానికి పంపిస్తారు? తిరుగుబాటుకు ఏడాది నిండే 2022 ఫిబ్రవరి 1న మూడోసారి పిలుపు రాగానే సైనిక ప్రభుత్వానికి దిక్కుతోచలేదు. సమ్మెలో చేరితే ఆస్తులు జప్తు చేస్తామన్నారు, ఉగ్రవాద నిరోధక చట్టం పెడతామన్నారు. ఆ రోజు కొట్టు మూస్తామని ముందే ప్రకటించిన వ్యాపారులను పదుల సంఖ్యలో అరెస్టు చేశారు. జనానికి చికాకు కలగరాదని నిరసనను తరిమిన రాజ్యమే, కొట్టు మూస్తానన్నందుకు వ్యాపారిని పట్టుకెళ్లింది.

ఆ రోజు యాంగోన్‌లో కొందరు భయపడి కొట్లు తెరిచారు. పది గంటలయ్యేసరికి వీధులు ఖాళీ అయిపోయాయి. కొనేవాళ్లే రాలేదు. సాయంత్రం నాలుగింటికి, ముందే అనుకున్నట్టుగా, మూసిన కిటికీల వెనక నుంచి చప్పట్లు మొదలయ్యాయి.