జిడ్డు మొహానికి రాత్రి పూట నూనె: తెనాలి నాటకాల నుంచి నైట్ రొటీన్ దాకా

ఈ మధ్య ఎవర్ని కదిపినా ఒకటే మాట. రాత్రి పడుకోబోయే ముందు మొహానికి నాలుగు చుక్కల నూనె రాసుకోవాలిట. అదీ జిడ్డు చర్మం ఉన్నవాళ్ళు మరీ తప్పకుండా రాసుకోవాలిట! బయట నుంచి నూనె అందితే "ఓహో, సరిపోయిందిలే" అనుకుని చర్మం తన నూనె తయారీ తగ్గించుకుంటుందని దానికో లాజిక్కు. ముప్ఫై మిల్లీలీటర్ల గాజు సీసా, డ్రాపరు, వెయ్యి రూపాయల పైచిలుకు ధర.

ఇది వినగానే మనలో రెండు పార్టీలు తయారవుతాయి. "ఉన్న జిడ్డు చాలక మళ్ళీ నూనా?" అనేది మొదటి పార్టీ. "మన పెద్దవాళ్ళు వేల ఏళ్ళ క్రితమే చెప్పారు, మనం వదిలేశాం, వాళ్ళు సీసాలో పోసి మనకే అమ్ముతున్నారు" అనేది రెండోది. రెండో పార్టీ వాదన వినడానికి బాగుంటుంది, ఫార్వర్డ్ చెయ్యడానికి ఇంకా బాగుంటుంది. కానీ మన పెద్దవాళ్ళు అసలేం చేశారో చూస్తే కథ కాస్త వేరేగా ఉంటుంది. నాకు తెలిసిన కోడు భాషలో చెప్పాలంటే, ఫంక్షన్‌లో మొదటి లైను మాత్రమే కాపీ చేసుకుని మిగతా రెండు లైన్లూ వదిలేశాం.

ముందు మాటల సంగతి. సంస్కృతంలో "స్నేహం" అంటే నూనె, నెయ్యి లాంటి జిడ్డు పదార్థం అని కూడా అర్థం. ఒకర్నొకరు అంటిపెట్టుకునేది కాబట్టి ప్రేమకీ, మైత్రికీ అదే మాట. మన తెలుగులో "జిడ్డు" చూడండి. వదలని మనిషి జిడ్డు, టెస్టు మ్యాచిలో పరుగులు తియ్యకుండా గంటలు గంటలు నిలబడే బ్యాట్స్‌మన్ జిడ్డు, కడగని మొహం జిడ్డు మొహం. అదే పదార్థం, ఒక పేరుతో గౌరవం, ఇంకో పేరుతో తిట్టు. నూనెతో మన సంబంధం మొదట్నుంచీ ఇలాగే ఉంది. రాసుకోవడం ఎంత ముఖ్యమో, వదిలించుకోవడం అంతకన్నా ముఖ్యం.

ఇప్పుడు మన ఊరి వైపు వద్దాం. గుంటూరు నుంచి రైల్లో తెనాలి వస్తుంటే తెనాలికి ముందు వచ్చే స్టేషను అంగలకుదురు. కృష్ణా పశ్చిమ డెల్టా, కాలవ కింద వరి. వరి కోతల తర్వాత అదే పొలంలో, మిగిలిన తేమ మీదే మినుము, పెసర పండిస్తారు. తెనాలి నుంచి విజయవాడ వైపు వెళ్తే దుగ్గిరాల, అక్కడి పసుపు మార్కెట్టు గురించి వేరే చెప్పక్కర్లేదు. అంటే పది పన్నెండు మైళ్ళ చుట్టుకొలతలో మినుము, పెసర, పసుపు అన్నీ ఉన్నాయి. గానుగ నుంచి నువ్వుల నూనె తెచ్చుకుంటే నలుగుకి కావలసిన సరుకంతా సిద్ధం.

ఆ నలుగు ఎలా పెట్టేవారో గుర్తు చేసుకోండి. భోగికో, దీపావళికో, పెళ్ళికో, పసిపిల్లలకైతే రోజూనో. ముందు ఒంటికి నువ్వుల నూనె పట్టించి మర్దనా చేస్తారు. కాసేపు నాననిస్తారు. తర్వాత సున్నిపిండితో, అంటే మినుములో పెసలో సెనగలో విసిరిన పిండిలో పసుపు కలిపి, గట్టిగా రుద్దుతారు. పిండి ఆ నూనెని పీల్చుకుని, మురికితో సహా నలకలు నలకలుగా రాలిపోతుంది. ఆ తర్వాత వేణ్ణీళ్ళు. తలకైతే సున్నిపిండి బదులు కుంకుడుకాయ రసం. కుంకుడులో సపోనిన్లు ఉంటాయి, నీళ్ళలో నురగొచ్చి జిడ్డుని వదిలిస్తాయి. మొత్తం మూడు స్టెప్పులు: నూనె, పిండి, నీళ్ళు. నూనె రాసుకుని దుప్పటి కప్పుకుని పడుకోవడం ఇందులో ఎక్కడా లేదు. తలకి నూనె రాసుకుని పడుకున్నవాళ్ళు ఉన్నారు కానీ మొహానికి కాదు.

మరి శాస్త్రాల్లో ఏముంది అంటారా? సుమారు 7వ శతాబ్దంలో వాగ్భటుడు రాసిన అష్టాంగ హృదయంలో దినచర్య అధ్యాయం ఉంది. అభ్యంగం, అంటే నూనె మర్దనా, రోజూ చేసుకోమని చెప్పింది అక్కడే. కానీ ఆ వెంటనే ఎవరు చేసుకోకూడదో కూడా ఉంది. కఫం ఎక్కువగా ఉన్నవాళ్ళూ, అజీర్ణంతో ఉన్నవాళ్ళూ నూనె జోలికి పోవద్దన్నాడు. ఆయుర్వేదం లెక్కలో జిడ్డు గుణం కఫానిదే. అలాంటివాళ్ళకి ఆ అధ్యాయంలోనే ఉద్వర్తనం ఉంది, పొడితో రుద్దుకోవడం. మన సున్నిపిండి దానికి మనవరాలు. ఇక సుశ్రుత సంహితలో యౌవన పిడకలు అని మొటిమలకి ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ చికిత్స చెప్పారు. వస, లొద్దుగ, సైంధవ లవణం, ఆవాలు నూరి లేపనం వెయ్యమన్నారు, అన్నీ ఆరబెట్టే సరుకులే. ఇప్పుడు ఖరీదుగా అమ్ముతున్న కుంకుమాది తైలం మూలం కూడా అష్టాంగ హృదయంలోనే దొరుకుతుంది. నువ్వుల నూనె, మేకపాలతో కాచేది. అది ఉన్నది మంగు లాంటి మచ్చలకి. ఒకే పుస్తకం ఒక చర్మానికి నూనె, ఇంకో చర్మానికి పొడి చెప్పింది. మనం "ఆయుర్వేదం నూనె రాసుకోమంది" అని ఒక్క ముక్కలో తేల్చేశాం.

మా వైపు రాత్రి పూట మొహానికి నూనె రాసుకోవడం ఉద్యోగ ధర్మంగా ఉన్నవాళ్ళు మాత్రం ఒకరున్నారు. నాటకాల వాళ్ళు! తెనాలి అంటే నాటకం. అక్కడి శ్రీరామ విలాస సభ పేరు చెప్తే స్థానం నరసింహారావు గుర్తుకొస్తారు. 1902లో బాపట్లలో పుట్టి, సత్యభామ, చింతామణి, మధురవాణి లాంటి స్త్రీ పాత్రలతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన నటుడు. 1956లో పద్మశ్రీ వచ్చింది, 1971లో పోయారు. ఆయన వ్యక్తిగతంగా మొహానికి ఏం రాసుకునేవారో చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ కాలపు రంగస్థలం పద్ధతి గురించి చెప్తున్నాను.

నాటకాలు రాత్రంతా ఆడేవి. మొహానికి అర్దలం, సఫేదు. అర్దలం అంటే పసుపుపచ్చటి రాయి, దాన్లో ఆర్సెనిక్ ఉంటుంది. తర్వాత్తర్వాత జర్మనీలో లైఖ్నర్ 1873 ప్రాంతంలో మొదలుపెట్టిన కొవ్వు ఆధారిత రంగు కర్రలు ప్రపంచమంతా పాకాయి. జిడ్డు రంగు చెమటకి కారదు, నీళ్ళకి కదలదు. కాబట్టి తెల్లవారుఝామున తెర దించాక మొహానికి కొబ్బరినూనె పట్టించి, రంగు కరిగాక పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతోనో సున్నిపిండితోనో కడుక్కోవాల్సిందే. నూనెలో కరిగేది నూనెతోనే పోతుంది, కెమిస్ట్రీలో మనం చదువుకున్నదే. ఇప్పుడు దీన్నే "డబుల్ క్లెన్సింగ్" అంటున్నారు. జపాన్‌లో షు ఉయెమురా అనే మేకప్ ఆర్టిస్టు 1967లో క్లెన్సింగ్ ఆయిల్ అమ్మడం మొదలుపెట్టాడు, 2010 తర్వాత కొరియా వాళ్ళ పుణ్యమా అని అది ప్రపంచమంతా ఫ్యాషనైంది. ఉయెమురా కూడా మేకప్ మనిషే కావడం గమనించండి. రంగు పూసే వృత్తిలో ఉన్నవాళ్ళకి రంగు తీసే కష్టం తెలుసు.

మరి నూనె రాసుకుని అలాగే పడుకునే పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చింది? చల్లటి దేశాల నుంచి. 2వ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడి పేరు మీద ఒక తయారీ ఉంది. ఆలివ్ నూనె, తేనెమైనం, గులాబీ నీరు కలిపినది. కోల్డ్ క్రీముకి మూలపురుషుడు అదే. 1846లో అమెరికాలో మొదలైన పాండ్స్ కంపెనీ 1910ల్లో ఒక చక్కటి వ్యాపార ఎత్తు వేసింది. మొహానికి ఒక క్రీము చాలదు, రెండు కావాలి. పగలు జిడ్డు కనపడని వానిషింగ్ క్రీము, రాత్రి నూనె ఉన్న కోల్డ్ క్రీము. పగటి చర్మం, రాత్రి చర్మం అనే విభజన జనం బుర్రల్లోకి ఎక్కింది ఎక్కువగా ఈ ప్రకటనల వల్లే. నైట్ రొటీన్‌కి తాతగారు వైద్యుడూ కాదు, మునీ కాదు, యాడ్ ఏజెన్సీ :)

మన దగ్గర కూడా అదే వరస. 1888లో లీవర్ వాళ్ళ సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది. 1916లో మైసూరు సంస్థానం సబ్బుల ఫ్యాక్టరీ పెట్టింది. 1919లో బొంబాయిలో పటన్‌వాలా ఆఫ్ఘన్ స్నో తెచ్చాడు. ఆ స్నో కూడా వానిషింగ్ క్రీమే. మన ఇళ్ళల్లో "స్నో, పౌడరు" అనే జంట పదం అప్పటిదే. గమ్మత్తేమిటంటే, పాండ్స్ జంటలో పగటి క్రీము మన ఉక్కపోతకి అతికినట్టు సరిపోయింది కానీ రాత్రి క్రీము చలికాలం దాటి బయటికి రాలేకపోయింది. మే నెలలో తెనాలిలో కోల్డ్ క్రీము రాసుకుని పడుకునే సాహసం ఎవరు చేస్తారు?

సబ్బు రావడంతో సున్నిపిండి పండక్కి పరిమితమైంది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చాక మొహం గురించిన గొడవంతా రంగు చుట్టూ తిరిగింది (2020లో పేరులోంచి "ఫెయిర్" తీసేశారు, మన బుర్రల్లోంచి ఎప్పుడు తీస్తారో). నలుగులో కూడా రంగు ఆశ ఉండేది, కాదనను. పెళ్ళిచూపుల భయంతో ఎంతమంది ఆడపిల్లల మొహాలు ఎర్రగా కందేలా రుద్దారో లెక్క లేదు. పాతదంతా బంగారం అని నేను అనడం లేదు.

ఇక అసలు ప్రశ్న. నూనె రాస్తే చర్మం నూనె తయారీ తగ్గిస్తుందా? 1958లో క్లిగ్‌మన్, షెల్లీ అనే ఇద్దరు అమెరికా చర్మ వైద్యులు తైల గ్రంథుల మీద ప్రయోగాలు చేశారు. పైన నూనె ఉందా, తుడిచేశామా అన్నదాన్ని గ్రంథి పట్టించుకోదు, తన పని తను చేసుకుపోతుందని తేల్చారు. దాన్ని నడిపేది లోపలి హార్మోన్లు. మన భాషలో చెప్పాలంటే అక్కడ ఫీడ్‌బ్యాక్ లూప్ లేదు. కాబట్టి "రాస్తే తగ్గుతుంది" అన్నదీ తప్పే, "ఎక్కువ కడిగితే ఇంకా ఎక్కువ ఊరుతుంది" అన్నదీ తప్పే. ఎక్కువ కడిగితే చర్మం మండుతుంది, అది వేరే సమస్య.

నూనె వల్ల నష్టం ఉందా? 1970లో క్లిగ్‌మన్ బృందమే అమెరికాలో నల్లజాతి మగవాళ్ళలో "పోమేడ్ యాక్నీ" గురించి రాసింది. తలకి రాసుకునే జిడ్డు నుదుటి మీదకి జారి అక్కడే మొటిమలు. తలకి బాగా నూనె పెట్టుకునే మన ఇళ్ళల్లో ఈ నుదుటి మొటిమలు ఎవరికి తెలియవు చెప్పండి!

లాభం ఉందా అంటే అదీ కొంచెం ఉంది. మొటిమలు వచ్చేవాళ్ళ చర్మపు నూనెలో లినోలిక్ ఆమ్లం తక్కువగా ఉంటుందని 1980ల్లో పరిశోధకులు గమనించారు. 1998లో ఒక చిన్న ప్రయోగంలో లినోలిక్ ఆమ్లం పైపూతగా రాస్తే కంటికి కనపడని చిన్న చిన్న మొటిమ మొలకలు తగ్గాయి. ఇక్కడే నూనెకీ నూనెకీ తేడా తెలుస్తుంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, లినోలిక్ రెండు శాతం అటూ ఇటూ. నువ్వుల నూనెలో లినోలిక్ నలభై శాతం పైనే. మామూలు పొద్దుతిరుగుడులో అరవై దగ్గర, కుసుమ నూనెలో డెబ్భై దాటుతుంది. అలాగని వంటింట్లో నూనె ప్యాకెట్ కత్తిరించి మొహానికి పూసుకోమని కాదు. చుండ్రుకి కారణమయ్యే మలసీజియా అనే శిలీంధ్రం ఈ నూనెల్లోని కొవ్వు ఆమ్లాలనే తిని బతుకుతుంది. ముక్కు పక్కన, కనుబొమల్లో పొట్టు లేచేవాళ్ళకి రాత్రంతా నూనె అంటే దానికి విందు భోజనమే.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. మన పద్ధతిలో నూనె అతిథి. వస్తుంది, పని చేస్తుంది, వెళ్ళిపోతుంది. అది వెళ్ళిపోయేలా చూడ్డానికే సున్నిపిండి. తెనాలి నటుడికీ, భోగినాటి పిల్లాడికీ, జపాన్ మేకప్ ఆర్టిస్టుకీ తెలిసిన రహస్యం ఇదే. చలి దేశపు పద్ధతిలో నూనె ఇంట్లో మనిషి, రాత్రంతా ఉంటుంది. అక్కడి పొడి గాలికి, పొడి చర్మానికి అది సరైనదే. ఏసీ గదుల్లో పగలూ రాత్రీ గడిపే మనకి కూడా కొన్నిసార్లు పనికిరావచ్చు. కానీ జిడ్డు చర్మంతో గుంటూరు జిల్లా ఉక్కలో ఉన్నవాళ్ళకి రెండో పద్ధతిని మొదటి పద్ధతి పేరు చెప్పి అమ్మడమే నాకు నచ్చని విషయం.

దుమ్ములో తిరిగొచ్చిన రోజు, సన్‌స్క్రీనో మేకప్పో వేసుకున్న రోజు, రాత్రి మొహానికి కాస్త నూనె రాసి, రెండు నిమిషాలు మర్దనా చేసి, శుభ్రంగా కడిగేసుకోండి. జిడ్డు మొహానికి కూడా దాంతో ఇబ్బంది తక్కువ. కడిగాక మిగిలేది కొంచెమే కాబట్టి. మొటిమలు గట్టిగా ఉంటే మాత్రం సీసా మీద పెట్టే వెయ్యి రూపాయలు చర్మ డాక్టరు ఫీజుకి పెట్టండి. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటివి ఆయన చూసి రాస్తారు. పదిహేనేళ్ళ పిల్లలకైతే మరీను. ఆ వయసులో మొహం మీద మిగిలిపోయే గుంటలు తర్వాత ఏ తైలానికీ పూడవు.

మన పెద్దవాళ్ళు చెప్పింది వినాలనుకునేవాళ్ళు తప్పకుండా వినండి. కాకపోతే మూడు లైన్లూ వినండి. నూనె రాయమన్న నోటితోనే వాళ్ళు "ఇంక లే, నీళ్ళు కాగాయి" అని కూడా అన్నారు.