నీటికుక్క పేరిట పద్దు

కూరెకుప్పలో నిలబడితే తోరణగల్లు ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనిపిస్తాయి గానీ తుంగభద్ర కనిపించదు. నది ఉత్తరాన, హంపి బండల మధ్య నుంచి కంప్లి వైపు సాగుతుంది. నీటికుక్కల కాపురం అక్కడే. వాటి జాడ పట్టడానికి వాటినే చూడనక్కర్లేదు. ఏటి అంచు బండమీద చేప పొలుసులు, ముళ్లు నిండిన పెంటికలు కనిపిస్తే చాలు. ఎండిపోయినా నీచు కంపు కొడుతూనే ఉంటాయి.

మన వైపు నది జంతువుకు బయటి సొమ్ము ముందుగా అందింది మొసలి పేరిట. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో కేంద్రం మొసళ్ల పథకం చేపట్టింది. శిక్షణ సంస్థ హైదరాబాదులో వెలిసింది. గుడ్లు ఏరి, పొదిగించి, పిల్లలను పెంచి నదుల్లో వదిలారు. అది సర్కార్ల మధ్య నడిచిన డబ్బు, ఒడ్డున బతికే బెస్తల మాటకు అందులో చోటు తక్కువ.

నీటికుక్కకు ఆపాటి యోగమూ పట్టలేదు. చట్టం కాపు కాసినా ఖజానా చూపు పులి మీదే. దానికంటూ ఒక నిధి పుట్టింది 1993లో, ఎక్కడో స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో: పాల్, గ్రేస్ యాక్సన్ దంపతులు స్థాపించిన అంతర్జాతీయ నీటికుక్కల నిధి. బ్రిటన్‌లోని రఫర్డ్ ఫౌండేషన్, 2009లో అబూదాబిలో మొదలైన మొహమ్మద్ బిన్ జాయెద్ నిధి వంటివి కూడా ఎవరూ పట్టించుకోని ప్రాణులకు చిన్న మొత్తాలు ఇస్తాయి. అబూదాబి నిధి ఇచ్చేది గరిష్ఠంగా 25 వేల డాలర్లు. కాలినడకన ఏరు గాలించే కుర్ర పరిశోధకుడికి అది పెద్ద ఆసరానే. అయితే నివేదిక ముగిస్తే పద్దూ ముగుస్తుంది.

2015లో కర్ణాటక ప్రభుత్వం ముద్లాపుర నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల నదిని నీటికుక్కల సంరక్షణ రిజర్వుగా ప్రకటించింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం ఇలాంటి రిజర్వు ప్రకటించే ముందు స్థానికులను సంప్రదించాలి, నిర్వహణ కమిటీలో పంచాయతీల ప్రతినిధులుండాలి. కాగితం మీద ఇంతకన్నా ప్రజల పథకం ఏముంటుంది? ఏట్లో మాత్రం జిలెటిన్ పేల్చి చేపలు పట్టడం, ఇసుక తవ్వకం పాత జబ్బులు. నీటికుక్క వల కొరికి చేప ఎత్తుకుపోతే నష్టం పుట్టిలో కూర్చున్నవాడిదే. నైలాను వల కొనుక్కునేవాడికి ఆ జంతువు మీద ప్రేమ పుట్టాలని ఎదురుచూడటం అన్యాయం. దాతల సొమ్ము ముందు వెళ్లాల్సింది లెక్కల పుస్తకానికి కాదు, ఆ వలకే అని నా అభిప్రాయం.

దూరపు దాతల మీదే ఆధారపడాల్సిన పనీ లేదు. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలన్న నిబంధన 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ ఖర్చుకు అర్హమైన పనుల జాబితాలో వన్యప్రాణి రక్షణ ఉంది. కంపెనీలు తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ అదే నిబంధన చెబుతోంది. బళ్లారి గనుల నుంచి జిల్లా ఖనిజ నిధికి జమయ్యేది వేరే. బడి గోడలకు, రోడ్లకు రాసే పద్దుల పక్కన పుట్టివాళ్ల వలలకూ ఒక పద్దు రాయమని అడగడానికి కూరెకుప్ప కన్నా దగ్గరి ఊళ్లు ఎన్నో లేవు.