తీసేస్తే తప్పు, వదిలేస్తే ఒప్పు

సోషల్ మీడియాలో పోస్టు మాయమైతే చాలు, 'నా వాక్‌స్వాతంత్ర్యం హరించారు' అంటూ అమెరికాలో చాలామంది రాజ్యాంగం మొదటి సవరణను ఎత్తుకుంటారు. 1791 నాటి ఆ సవరణ అడ్డుకట్ట వేసింది ప్రభుత్వానికి. ప్రైవేటు కంపెనీల జోలికి పోలేదు. పోస్టులు తీసేసినా చిక్కుల్లో పడని రక్షణ కంపెనీలకు ఎలా దక్కిందన్నది వేరే కథ. దానికి కారకులు షేర్ బ్రోకర్లంటే నమ్మబుద్ధి కాదు.

1994 అక్టోబరులో ప్రాడిజీ అనే ఆన్‌లైన్ సేవలో, డబ్బు సంగతులు మాట్లాడుకునే 'మనీ టాక్' బోర్డులో, పేరు చెప్పని మనిషెవరో స్ట్రాటన్ ఓక్‌మాంట్ అనే బ్రోకరేజీ సంస్థ మోసాలు చేస్తోందని రాశాడు. సంస్థ 20 కోట్ల డాలర్లకు పరువునష్టం దావా వేసింది. ('ది వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్' సినిమా చూసినవాళ్లకు ఆ పరువెంతో తెలుసు.)

1991లో ఇలాంటి కేసులోనే కంప్యూసర్వ్ గట్టెక్కింది. ఎవరేం రాస్తున్నారో చూడని కంపెనీని పుస్తకాల షాపుతో సమానంగా చూసింది కోర్టు. ప్రాడిజీ అలా కాదు. ఇంటిల్లిపాదీ వాడుకునే సేవ అనిపించుకోవాలని బూతులు పట్టే సాఫ్ట్‌వేర్ పెట్టింది, బోర్డులకు నిర్వాహకుల్ని నియమించింది. అదే కొంపముంచింది. కొన్నిటిని తీసేస్తున్నావంటే నువ్వు పత్రికవాడివే, మిగిలినవాటికీ బాధ్యత నీదేనని 1995 మేలో న్యూయార్క్ కోర్టు తేల్చింది. వాకిలి ఊడ్చినవాడికి జరిమానా, చెత్త వదిలేసినవాడికి మాఫీ!

ఆ తీర్పు గురించి పేపర్లో చదివిన రిపబ్లికన్ సభ్యుడు క్రిస్ కాక్స్, డెమొక్రాట్ రాన్ వైడెన్‌ను కలుపుకొని బిల్లు రాశాడు. 1996 ఫిబ్రవరిలో చట్టమైన ఆ సెక్షన్ 230లో అందరూ చెప్పుకునేది 26 పదాల వాక్యం: ఇతరులు రాసినదానికి వేదికను ప్రచురణకర్తగా చూడకూడదని. నాకైతే దాని కిందున్న భాగమే అసలైనదనిపిస్తుంది. అసభ్యమనో వేధింపనో తోచినదాన్ని సదుద్దేశంతో తీసేస్తే, ఆ మాటకు రాజ్యాంగ రక్షణ ఉన్నా సరే, కంపెనీకి బాధ్యత అంటదు. పోస్టులు తీస్తే సెక్షన్ 230 వర్తించదని నేటికీ వాదించేవాళ్లు అంతదాకా చదివినట్టు లేరు.

2021లో టెక్సస్, ఫ్లోరిడా రాష్ట్రాలు పెద్ద వేదికలు పోస్టులు తీయకుండా కట్టడి చేసే చట్టాలు తెచ్చాయి. ఫేస్‌బుక్ ఫీడ్ లాంటిచోట ఏది ఉంచాలో ఏది తీయాలో ఎంచుకోవడం కూడా మొదటి సవరణ కాపాడే భావప్రకటనేనని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పి, కేసుల్ని కింది కోర్టులకు తిప్పి పంపింది.

వాక్‌స్వాతంత్ర్యపు హక్కు అడ్డుకట్ట వేసేది ప్రభుత్వానికేనన్న లెక్క మన దేశంలో ఇలాగే నడవదు. మన రాజ్యాంగం 19వ అధికరణలోని వాక్‌స్వాతంత్ర్యం లాంటి హక్కుల్ని ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని 2023లో కౌశల్ కిశోర్ కేసులో మన సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. జస్టిస్ నాగరత్న మాత్రం ఒప్పుకోలేదు.