పెద్ద కుర్చీ ఖాళీ అయితే

ఆసుపత్రిలో సీనియర్ డాక్టరు పదవి ఖాళీ అయితే ఏమవుతుందో మా వృత్తిలో అందరికీ తెలుసు. కిందివారు పైకి జరుగుతారు, వారి గదుల్లోకి మరొకరు వస్తారు. ప్రమోషన్ ఎవరికి వచ్చిందన్నదే అందరి నోటా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ఒకే డాక్టరును నమ్ముకున్న రోగి మాత్రం తలుపు తీసి, కొత్త ముఖం చూసి నిలబడిపోతాడు. రాజకీయాల్లో ఆ రోగి స్థానం ఓటరుది.

అట్లాంటాలో బంధువులున్న తెలుగు కుటుంబాలు ఇక్కడ మనలో చాలా ఉన్నాయి కనుక ముందు జార్జియా సంగతి చూద్దాం. 2014లో అక్కడి సెనేటర్ శాక్స్‌బీ చాంబ్లిస్ మళ్ళీ పోటీ చేయలేదు. సెనేటర్ పదవి ఆరేళ్ళు, ప్రతినిధుల సభ సభ్యత్వం రెండేళ్ళే. రెండు ఎన్నికలూ ఒకే రోజున జరుగుతాయి కనుక పైదానికి ఆశపడ్డవారు కిందిది వదులుకోవాలి. రిపబ్లికన్ సభ్యులు జాక్ కింగ్‌స్టన్, పాల్ బ్రౌన్, ఫిల్ గింగ్రీ అలాగే వదులుకున్నారు. చివరి ఇద్దరూ మనలాంటి డాక్టర్లే! పార్టీ అభ్యర్థిత్వం వ్యాపారవేత్త డేవిడ్ పెర్డ్యూకు దక్కింది, ముగ్గురూ ఇంటిదారి పట్టారు. ఒక్క కుర్చీ ఖాళీ అయినందుకు నాలుగు చోట్ల కొత్తవారు వచ్చారు.

మన రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఎన్నుకుంటారు కనుక ఈ పోలిక మనకు అచ్చంగా కుదరదు. అయినా పెద్దవారు కదిలితే చుట్టూ కదలిక రావడం మనకూ అనుభవమే. 1980 జనవరి లోక్‌సభ ఎన్నికల్లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీతోబాటు మెదక్‌లోనూ నిలబడ్డారు. 1971లో, 1977లో మెదక్ నుంచి గెలిచిన మల్లికార్జున్ మహబూబ్‌నగర్‌కు మారి అక్కడ నెగ్గారు. 1977లో ఆ స్థానం జె. రామేశ్వరరావుది. మెదక్‌లో ఇందిరపై నిలిచిన జైపాల్ రెడ్డి అప్పటికి కల్వకుర్తి శాసనసభ్యులు. ఆయన 2 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు గానీ, శాసనసభ్యత్వం చెక్కు చెదరలేదు. 1984లో మహబూబ్‌నగర్ నుంచే ఆయన లోక్‌సభకు వెళ్ళారు.

ఇక్కడే అసలు తేడా ఉంది. జార్జియాలో పందెం కాసినవాడు తన సీటునే ఒడ్డాలి. మన దగ్గర ఆ ఖర్చు ఓటరు మీద పడుతుంది. ఇందిర రెండుచోట్లా గెలిచి మెదక్‌ను ఉంచుకున్నారు. రాయ్‌బరేలీలో మళ్ళీ ఎన్నిక జరిగి అరుణ్ నెహ్రూ వచ్చారు. 1985లో ఎన్.టి. రామారావు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింటా గెలిచి హిందూపురం ఉంచుకుంటే, మిగతా రెండు ఊళ్ళవారు మరోసారి వరుసలో నిలబడ్డారు. 1996లో చట్టం ఒక అభ్యర్థిని రెండు స్థానాలకు పరిమితం చేసింది. మెదక్‌కు నష్టమే జరిగిందనీ అనలేం. ప్రధానమంత్రే ప్రతినిధిగా ఉన్న ఆ ప్రాంతంలో, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారానికి 1984లో పునాది పడింది. పెద్ద పేరు వచ్చిన చోట లాభం, వదిలిన చోట ఎదురుచూపు.

మనం బతుకుతున్న ఒమన్‌లో ఈ గొలుసు లేదు. 1991లో ఏర్పడిన మజ్లిస్ అష్షూరా సభ్యులను నేడు విలాయతుల వారీగా పౌరులు ఎన్నుకుంటారు. 1997లో వచ్చిన స్టేట్ కౌన్సిల్ సభ్యులను సుల్తాన్ నియమిస్తారు. పైసభకు పోటీయే లేదు కనుక, దానికోసం కింది సీటును ఎన్నికల్లో పణంగా పెట్టే ప్రశ్నా లేదు.

2011 నుంచి ప్రవాసులు కూడా సొంత ఊరి జాబితాలో ఓటరుగా చేరవచ్చు. ఓటు వేయాలంటే మాత్రం పోలింగు నాడు స్వయంగా వెళ్ళాలి. మస్కట్ నుంచి సెలవు పెట్టి వెళ్ళగలిగేది మనలో ఎందరం? వెళ్ళలేనివారం కనీసం అడగగలం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ముఖ్యమంత్రి ఎవరవుతారని ఎప్పుడూ అడుగుతూనే ఉంటాం. ఈసారి మన ఊరి సీటు ఎవరు వదిలారు, ఎందుకు వదిలారు, అందులోకి ఎవరు వస్తున్నారు అని కూడా అడుగుదాం. కొత్త ముఖం చూసి నిలబడిపోయేది మన అమ్మానాన్నలే కదా.